కలియుగ భీముడు కోడి రామమూర్తి

విశాఖపట్టణమున సాగరతీర మార్గములో సాయంసమయాన నడచిపోయే వారికి ఎందరో మహనీయుల విగ్రహములు దర్శనమిస్తాయి. కవులు, పండితులు, ప్రజానాయకులు ఆ మార్గమున కొలువు తీరి ఉన్నారు. వారి నడుమ నిలిచిన ఒక వ్యక్తి మాత్రము కలముతో గాని, అధికారముతో గాని పేరు పొందినవారు కారు. రెండు భుజములతో, విశాలమైన ఒక రొమ్ముతో, ఆ రొమ్ములో బంధించిన ఊపిరితో ఆయన కీర్తి గడించారు. ఆయనే మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు.

ఆ విగ్రహము ముందు నుండి మనలో అనేకులము ఎన్నో మారులు నడచి వెళ్ళి ఉంటాము. ఒకనాడు మేము అక్కడ ఆగి నిలుచున్నప్పుడు, మా మిత్రులలో ఒకరికి సందేహము కలిగినది. ఏనుగును రొమ్ముపై నిలుపుకొనుట, ఇనుప గొలుసులను ఊపిరి బలముతో తెంచుట, కదలబోయే కారును త్రాళ్ళతో పట్టి ఆపుట నిజముగా సాధ్యమేనా? లేక ఇవన్నీ మన పెద్దలు ప్రేమతో పెంచి చెప్పిన కథలా? ఆ సందేహమునకు సమాధానము వెదకుచూ పోగా, ఏనుగు కంటె ముఖ్యమైన విషయములు కొన్ని మాకు కనిపించినవి. వానిని మా సోదర విద్యార్థుల యెదుట, కళాశాల పాలకవర్గము వారి యెదుట ఉంచుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

బాల్యము

రామమూర్తి జన్మస్థలము వీరఘట్టము. ఆయన 1880 తరువాతి తొలి సంవత్సరములలో జన్మించారు. ఆనాడు ఆ ప్రాంతమంతయు మద్రాసు రాజధానిలో ఉత్తరపు కొసన ఉండేది. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడినప్పుడు వీరఘట్టము ఆ జిల్లాలో చేరినది. 2022లో జిల్లాల పునర్విభజన జరిగిన పిదప పార్వతీపురం మన్యం జిల్లాలోనికి వచ్చినది. జిల్లాల పేర్లు మారినను ఉత్తరాంధ్ర ప్రజలు రామమూర్తిని తమ వాడనుట మాత్రము మానలేదు.

తండ్రి వెంకన్న నాయుడు. తల్లి చిన్ననాడే గతించినది. ఆలనాపాలనా లేక అల్లరిగా తిరుగుచున్న ఆ బాలుని విజయనగరములో పోలీసు శాఖలో పనిచేయుచున్న పినతండ్రి నారాయణస్వామి చెంతకు చేర్చారు. ఈ మార్పే రామమూర్తి జీవితమును మలుపు తిప్పినది.

ఆనాటి విజయనగరమును గురించి రెండు మాటలు చెప్పవలసి ఉన్నది. పూసపాటి రాజుల ఆదరణలో అది విద్యలకు నిలయముగా విలసిల్లినది. గురజాడ అప్పారావు, హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు ఆ ఊరి వీధులలో నడచిన కాలమది. సంగీత సాహిత్యములతో పాటు సాము గరిడీలకు, కుస్తీలకు కూడ అక్కడ గౌరవమున్నది. పాఠశాల పుస్తకములు ఆకట్టుకొనలేకపోయిన బాలుని వ్యాయామశాలలోని మెత్తని మట్టి ఆకట్టుకొన్నది.

ఆ వ్యాయామశాలల భాషను ఒకమారు గమనింపుడు. కుస్తీ, పహిల్వాను, ఉస్తాదు అనునవి పారసీక భాష నుండి వచ్చిన మాటలు. తాలింఖానాలోని తాలీము అరబ్బీ పదము; శిక్షణ అని దాని అర్థము. సాము, గరిడి మన తెలుగు వాడుకలోనివి. ఈ మాటలన్నియు ఒకే గోదాలో, ఒకే మట్టిలో, ఒకే చెమటలో కలసిపోయినవి. ఉర్దూ, తెలుగు పుటలు రెండును ఒకే అట్ట నడుమ కలిగిన మన పత్రికకు ఈ కలయికను గుర్తుచేయుట అప్రస్తుతము కాదని భావిస్తున్నాము.

వేకువనే లేచుట, దండీలు, బస్కీలు తీయుట, శరీరమునకు తైలము పట్టించి మర్దించుట, పెద్దలతో పెనుగులాడి ఓడిపోవుట, మరునాడు మరల పెనుగులాడుట ఇదియే గోదాలో శిష్యుని దినచర్య. ఇరువది ఏండ్లు దాటునప్పటికే రామమూర్తి రొమ్ముపై అసాధారణమైన బరువులు మోయగలిగిన యువకుడైనాడని చెబుతారు. ఆయన శాకాహారి అనియు, ప్రాణాయామమును నిష్ఠగా అభ్యసించినవాడనియు జీవితకథలన్నియు ఏకకంఠముతో పేర్కొంటున్నవి.

వ్యాయామోపాధ్యాయుడు

రామమూర్తి పేరు వినగానే మనకు సర్కసు గుడారము గుర్తుకు వస్తుంది. కాని ఆయన మొదట ఉపాధ్యాయుడను సంగతి చాలమందికి తెలియదు. మద్రాసు సమీపమున సైదాపేటలో ఒక సంవత్సరము వ్యాయామ శిక్షణ పొంది, యోగ్యతాపత్రముతో తిరిగివచ్చి, తాను చదివిన విజయనగరము పాఠశాలలోనే వ్యాయామోపాధ్యాయులుగా పనిచేశారు. ఆనాటి వాడుకలో డ్రిల్లు మాస్టరు అన్నమాట. హెచ్. సి. బక్ దొర 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యాకళాశాలను స్థాపించుటకు ఎంతో ముందు జరిగిన విషయమిది. దేశములో వ్యాయామమునకు శాస్త్రీయ బోధన ఇంకను బాల్యావస్థలో ఉన్న కాలమది.

ఈ చిన్న విషయమును మేము ప్రత్యేకముగా పేర్కొనుటకు కారణమున్నది. గోదాలో ఉస్తాదు వద్ద నేర్చినది ఒక విధమైన విద్య. సైదాపేటలో తరగతి గదిలో నేర్చినది మరొక విధమైన విద్య. మొదటిది అనుభవము, రెండవది క్రమము. బలము పుట్టుకతో వచ్చునదని నమ్మినవాడు దానిని ఇతరులకు బోధింపబూనడు. అభ్యాసముతో వచ్చునని నమ్మినవాడే పాఠశాల పిల్లలను వరుసలో నిలిపి నేర్పగలడు. రామమూర్తి ఈ రెండవ కోవకు చెందినవారు. మన నగరమునకు వచ్చే ఇనుప రాయి గనిలోనే ఉక్కుగా పుట్టదు. కొలిమిలో కాగి, మలినములు పోగొట్టుకొని ఉక్కుగా మారుతుంది. ఉక్కునగరపు బిడ్డలకు ఇంతకన్న వివరించి చెప్పనక్కరలేదు.

గుడారములోనికి

మరి బడిలో పిల్లలకు పాఠము చెప్పే మనిషి ఏనుగులను, గుడారములను వెంటబెట్టుకొని ఊరూరు ఎందుకు తిరిగారు? ఇది ఆలోచింపదగిన ప్రశ్న.

నేడు ఒక యువకునికి భుజబలము ఉన్నదని తెలిస్తే అతనికి అనేక మార్గములున్నవి. బరువులెత్తు పోటీలు, గుండు విసరు పోటీలు, విశ్వవిద్యాలయ క్రీడలు, జాతీయ క్రీడలు, క్రీడాకారులకు ప్రత్యేకించిన ఉద్యోగములు కలవు. రామమూర్తి యౌవనములో వీనిలో ఒక్కటియు మన ప్రాంతమున లేదు. ఆధునిక ఒలింపిక్ క్రీడలు 1896లో ఏథెన్సులో ప్రారంభమైనను, పరాధీన భారతదేశపు కుగ్రామము నుండి అక్కడికి దారి లేదు. బలశాలి బ్రతకవలెనన్న రాజాస్థానమైనా కావాలి, సర్కసు గుడారమైనా కావాలి.

సర్కసు అప్పటికే భారతీయుల చేతికి వచ్చి ఉన్నది. మహారాష్ట్రకు చెందిన విష్ణుపంత్ ఛత్రే 1880లో బొంబాయిలో గ్రేట్ ఇండియన్ సర్కసును ప్రదర్శించి, ఈ విద్య దొరల సొత్తు మాత్రమే కాదని నిరూపించారు. అటు పిమ్మట కేరళలోని తలశ్శేరిలో కీలేరి కుంఞిక్కణ్ణన్ ఎందరో యువకులకు ఈ విద్యను నేర్పారు. ఆ గాలి ఆంధ్రదేశమునకు కూడ వీచినది. రామమూర్తి తుని ప్రాంతపు దాతల సాయముతో స్వంతముగా సర్కసు సంస్థను నెలకొల్పి, తెలుగు నాట ప్రదర్శనలిచ్చి, మద్రాసు చేరుకొన్నారు. అక్కడి నుండి ఆయన కీర్తి దేశమంతయు ప్రాకినది. ఉత్తర హిందూస్థానములోను, వంగదేశములోను ఆయనను ప్రొఫెసర్ రామమూర్తి అని పిలిచేవారు. బడిపంతులుకు గుడారములో ఆచార్య పదవి లభించినదన్నమాట!

ఆయన ప్రదర్శనలలో ముఖ్యమైనవి మూడు. శరీరమునకు ఇనుప గొలుసు చుట్టించుకొని, ఊపిరి బిగబట్టి, రొమ్మును ఉప్పొంగజేసి దానిని తెంచుట మొదటిది. రెండు వైపుల రెండు కార్లకు కట్టిన త్రాళ్ళను భుజములకు బిగించుకొని, వానిని కదలనీయక నిలుచుట రెండవది. వెల్లకిల పరుండి రొమ్ముపై పలక పరపించుకొని, దానిపై ఏనుగును నిలుపుకొనుట మూడవది.

ఇది మాయయా, విద్యయా?

మా మిత్రుని సందేహమునకు ఇప్పుడు సమాధానము చెప్పవలెను. పదార్థవిజ్ఞాన శాస్త్రము చదువుచున్న విద్యార్థులకు ఇది మరింత ఆసక్తికరము.

గొలుసు ఎంత పొడవున్నను దాని బలము అందులోని అత్యంత బలహీనమైన కడియమును బట్టి ఉంటుంది. ఊపిరితో నిండిన రొమ్ము, దాని చుట్టునున్న కండరములు ఒక్కుమ్మడిగా ఉబ్బినప్పుడు ఆ ఒత్తిడి అంతయు గొలుసు అంతటిపై పడుతుంది. ఎక్కడ కడియము వదులుగా ఉన్నదో అక్కడ అది విచ్చుకొంటుంది. ఇంత ఒత్తిడిని పుట్టించుటకు రొమ్ము ఎముకలు, ప్రక్కటెముకలు, ఊపిరితిత్తులు ఎంత సాధన చేసి ఉండవలెనో ఊహింపుడు. సామాన్యుడు అదే ప్రయత్నము చేసినచో గొలుసు కంటె ముందు తానే విరుగుతాడు.

కారు సంగతి చూతము. ఆగి ఉన్న కారు ముందుకు కదలవలెనన్న దాని చక్రములు నేలను పట్టి నెట్టవలెను. ఆనాటి కార్ల యంత్రముల శక్తి నేటి వానితో పోల్చిన చాల తక్కువ. వాని సన్నని టైర్లకు నేలపై పట్టు కూడ తక్కువే. కారు వేగము పుంజుకొనక ముందే దానిని బిగించి పట్టగలిగినచో చక్రములు అక్కడక్కడే తిరుగుతాయి. రెండు కార్లు ఎదురెదురు దిక్కులకు లాగునప్పుడు ఒకదాని లాగుడు మరియొకదానికి కొంత ప్రతిబలమగును. కాని ఆ రెండు బలముల నడుమ వారధిగా నిలిచినది మానవ దేహము! భుజపు కీళ్ళు, వెన్నెముక, మడమలు ఒక్క క్షణము తడబడినను ప్రాణాపాయమే.

ఇక ఏనుగు. పలక లేకుండ ఏనుగు ఒక పాదము మోపినచో ఎవరి రొమ్మైనను నిలువదు. పలక ఆ బరువును రొమ్మంతట పరచి, ఒక్కచోట కేంద్రీకరింపకుండ చేస్తుంది. ఊపిరి బిగబట్టిన రొమ్ముగూడు వంతెన కమాను వలె పనిచేస్తుంది. చేతులతో పైకెత్తలేని బరువును ఎముకల కూర్పుపై మోయవచ్చునను సూత్రము ఇందులో ఉన్నది. అయినను సూత్రము తెలిసినంత మాత్రమున బరువు తగ్గిపోదు. ఆ కొద్ది నిమిషములు భయపడి ఊపిరి విడువకుండ ఉండుటయే అసలు బలము.

కావున మా అభిప్రాయమిది. కథలలో అతిశయోక్తి కొంత చేరి ఉండవచ్చును. దానిని తీసివేసినను మిగిలినది తక్కువ కాదు. ఇందులో మంత్రము లేదు, సూత్రమున్నది. ఆ సూత్రము వెనుక ఏండ్ల తరబడి చేసిన తపస్సున్నది. ఎవ్వరును ఇటువంటి సాహసములను అనుకరింపరాదని ఇక్కడనే హెచ్చరించుట మా ధర్మము.

పరాధీన దేశమున ఒక దేహము

రామమూర్తి కీర్తి శిఖరమునందుకొన్న కాలమును గుర్తుంచుకొనక ఆయన గొప్పతనమును అంచనా వేయలేము. 1905లో వంగ విభజన జరిగినది. స్వదేశీ ఉద్యమము చెలరేగినది. భారతీయులు దుర్బలులని, పరిపాలింపబడుటకే పుట్టినవారని పాలకులు తమ గ్రంథములలో పదే పదే వ్రాసుకొన్న కాలమది. ఆ మాట విని విని మనవారిలో కొందరు నిజమేనేమో యని నమ్మసాగారు. అటువంటి సమయమున ఒక తెలుగువాడు వేలమంది కన్నుల యెదుట గొలుసులు తెంచి చూపినాడు. సంకెళ్ళలో ఉన్న జాతికి తెగిన గొలుసు ఏమి చెప్పినదో వేరుగా వివరింపనక్కరలేదు. గుడారములో టిక్కెట్టు కొని కూర్చున్న కూలివాడు కూడ ఆ అర్థమును గ్రహించినాడు.

విశాఖలో తరతరములుగా చెప్పుకొనే ఒక వృత్తాంతమున్నది. 1905 నుండి 1910 వరకు రాజప్రతినిధిగా ఉన్న మింటో ప్రభువు ఈ నగరమునకు వచ్చినప్పుడు రామమూర్తి బలమును చూడగోరి, తాను కూర్చున్న కారునే ఆపి చూపుమని కోరినాడట. కారు వెనుక కట్టిన త్రాళ్ళను రామమూర్తి పట్టినాడట. యంత్రము ఎంత గర్జించినను కారు ముందుకు సాగలేదట. ఆ కథను మన తాతలు అంత మురిపెముతో చెప్పుకొనుటలోని కారణము గమనింపదగినది. ఆగినది ఒక కారు. కాని ఆ కారులో కూర్చున్నది సాక్షాత్తు సామ్రాజ్యము.

పూనాలో లోకమాన్య బాలగంగాధర తిలక్ రామమూర్తి ప్రదర్శనను తిలకించి మల్లమార్తాండ అను బిరుదునిచ్చి సత్కరించారు. ఈ సత్కారమునకు ప్రత్యేకమైన విలువ ఉన్నది. తిలక్ స్వయముగా దక్కను కళాశాలలో చేరిన తొలి సంవత్సరమున తన బలహీనమైన శరీరమును చూచుకొని, చదువును కొంత ప్రక్కనబెట్టి, ఏడాది పాటు వ్యాయామమునకే అంకితమైన విద్యార్థి. మండాలే కారాగారములో 1908 నుండి 1914 వరకు కఠిన శిక్షను అనుభవించి కూడ గీతారహస్యము రచింపగలిగిన ఆ దేహమునకు కళాశాల రోజులలోనే పునాది పడినది. బలము విలువ తెలిసిన వ్యక్తి బలశాలిని గౌరవించినారన్నమాట. మదనమోహన మాలవీయ పండితులు కూడ రామమూర్తిని అలహాబాదునకు ఆహ్వానించి ఆదరించినట్లు చెబుతారు. వీరకంఠీరవ, జగదేకమల్ల, మల్లరాజతిలక వంటి బిరుదులు ఒకదాని వెంట ఒకటి వచ్చి చేరినవి.

సముద్రములకు ఆవల

ఆ కాలమున భారతీయ బలశాలులు ఐరోపా ఖండమున తమ సత్తా చూపుట ఆరంభించినారు. 1910లో మన దేశపు మహామల్లుడు గామా పహిల్వాను లండను నగరమునకు వెళ్ళి, పోలెండు వీరుడు జిబిస్కోను గంటల తరబడి నేలకు అదిమి ఉంచి లోకమును విస్మయపరచినాడు. 1928లో పటియాలాలో మరల తలపడినప్పుడు అదే జిబిస్కోను నిమిషమైనను కాకమునుపే చిత్తు చేసినాడు. గామాది గోదా, రామమూర్తిది గుడారము. మార్గములు వేరైనను ఇద్దరును పుట్టినది ఒక్క తరములో, పెరిగినది దండీలు, బస్కీలు నేర్పిన ఒక్క సంప్రదాయములో.

రామమూర్తి తన బృందముతో విదేశములకు పయనించి, లండనులో ఐదవ జార్జి చక్రవర్తి దంపతుల యెదుట తన విద్యను ప్రదర్శించి, ఇండియన్ హెర్క్యులస్ అను ప్రశంసను పొందినట్లు ఆయన జీవితకథలు తెలుపుచున్నవి. హెర్క్యులస్ గ్రీకు పురాణములలోని మహాబలుడు. మనవారు దానిని మన పురాణముల భాషలోనికి మార్చుకొని కలియుగ భీముడన్నారు. ఆ పేరే ప్రజల నాలుకలపై నిలిచినది. ఫ్రాన్సు, జర్మనీ దేశములలోను ఆయన పర్యటించారనియు, స్పెయిను దేశమున ముందుగా అనుభవము లేకయే ఎద్దుతో పోరాడవలసి రాగా దాని కొమ్ములు పట్టి లొంగదీశారనియు చెప్పుకొంటారు. ప్రజల నోట ఇటువంటి కథలు పెరుగుట సహజము. తమవాడు దూరదేశములో ఓడిపోలేదని నమ్ముట వారికి అవసరము.

చివరి పరీక్ష

బలవంతుల జీవితచరిత్రలు సాధారణముగా విజయముల వద్దనే ముగుస్తాయి. రామమూర్తి కథ అక్కడ ముగియదు. మా దృష్టిలో అసలు కథ అక్కడనే మొదలగుచున్నది.

కారును నిలిపిన కాలికే వ్యాధి సోకినది. పుండు ముదిరి, వైద్యులు కాలు తీసివేయక తప్పలేదు. ఆ శస్త్రచికిత్స సమయమున మత్తుమందు నిరాకరించి, ప్రాణాయామ బలముతోనే ఆ బాధను భరించారని ప్రతీతి. గొలుసులు తెంచిన ఊపిరి చివరకు బాధను బంధించుటకు పనికివచ్చినదని ఆ ప్రతీతి భావము.

ఒక్క అవయవముతో ఒక వృత్తి అంతయు పోయినది. గాయకునికి కంఠము పోయిన, చిత్రకారునికి చూపు పోయిన ఎంతటి నష్టమో మల్లునికి కాలు పోయిన అంతటి నష్టము. గుడారములు మడచివేయబడినవి. చప్పట్లు ఆగిపోయినవి. లక్షలు ఆర్జించి, అడిగినవారికి లేదనక ఇచ్చినాడని పేరు పొందిన ఆయనకు శేషజీవితమున ఇతరుల ఆదరణయే ఆధారమైనది. ఒరిస్సాలోని సంస్థానాధీశుల ఆశ్రయములో, నాటి పట్నా సంస్థానమునకు రాజధానియైన బలంగీరులో చివరి రోజులు గడిపి, 1942 జనవరిలో సంక్రాంతి పండుగ దినములలో ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు అరువదికి అటునిటు. మరి ఐదేండ్లకు తెగిపోనున్న దేశపు సంకెళ్ళను ఆయన చూడలేదు.

ఇక్కడ మేము ఒక మాట నిర్మొగమాటముగా చెప్పదలచినాము. మల్లమార్తాండ, వీరకంఠీరవ, కలియుగ భీమ అని ఇన్ని బిరుదులిచ్చిన లోకము ఆయనకు ఒక వ్యాయామ పాఠశాలను ఇచ్చి ఉండినచో ఎట్లుండెడిది? కాలు పోయినను కన్నులు పోలేదు, నోరు పోలేదు, నేర్పు పోలేదు. కుర్చీలో కూర్చుండియే నూరుగురు యువకులను తీర్చిదిద్దగలిగిన ఉపాధ్యాయుడాయన. సైదాపేటలో నేర్చిన విద్య ఆయన వద్ద చివరి వరకు ఉన్నది. బిరుదు ఇచ్చుటకు ఒక సభ చాలును. చోటు ఇచ్చుటకు భూమి కావలెను, ధనము కావలెను, ఏండ్ల తరబడి శ్రద్ధ కావలెను. మన సమాజము మొదటిది ఇచ్చి రెండవది మరచినది.

మిగిలినది

అయినను ఆ విత్తనము వ్యర్థము కాలేదు. శ్రీకాకుళములోని క్రీడామైదానమునకు కోడి రామమూర్తి పేరు పెట్టుకొన్నారు. విశాఖ సాగరతీరమున విగ్రహము వెలసినది. అంతకన్న గొప్ప స్మారకము మరొకటి ఉన్నదని మా భావన. అదే శ్రీకాకుళం సీమలో, ఆమదాలవలస ప్రాంతపు వూసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి, నీలంశెట్టి అప్పన్న అను గురువు వద్ద బరువులెత్తుట నేర్చి, 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో 110, 130 కిలోల బరువులెత్తి, మొత్తము 240 కిలోలతో కాంస్య పతకము గెలిచినది. ఒలింపిక్ పతకము పొందిన తొలి భారతీయ మహిళ ఆమెయే. రామమూర్తి గుడారము పట్టుకొని తిరుగవలసి వచ్చిన లోకములోనే, ఇంచుమించు తొంబది ఏండ్ల తరువాత, ఒక పల్లెటూరి బాలికకు పోటీ వేదిక దొరికినది, గురువు దొరికినాడు, నియమములు దొరికినవి. రామమూర్తికి లేనివి సరిగా ఇవియే.

మన కళాశాలల మైదానములలో 7.26 కిలోల ఇనుప గుండు ఒకటి ఏ మూలనో పడి ఉంటుంది. పురుషుల గుండు విసరు పోటీలకు ప్రపంచమంతట వాడునది అదే బరువు. మహిళలకు 4 కిలోలు. అది ఏనుగు కాదు, కారు కాదు. దానిని చేతిలోనికి తీసుకొనుటకు రాజుల ఆశ్రయము అక్కరలేదు, సర్కసు గుడారము అక్కరలేదు. రెండు మీటర్లకు కొద్దిగా మించిన వ్యాసము గల ఒక వృత్తము, దాని ముందు కొంత నేల, నేర్పుటకు ఒక ఉపాధ్యాయుడు చాలును. అయినను సంవత్సరములో ఎన్ని దినములు ఆ గుండుకు తుప్పు వదలుచున్నదో మనలను మనమే ప్రశ్నించుకొనవలెను.

సోదర విద్యార్థులారా! రామమూర్తి పుట్టుకతో భీముడు కాడు. తల్లిలేని బాలుడు, చదువుపై మనసు నిలువని బాలుడు, ఒక వ్యాయామశాల వాకిలి తెరచి ఉండుట చేత లోనికి నడచినాడు. ఆ వాకిలి మూసి ఉండినచో వీరఘట్టము పేరు మనలో ఎందరు విని ఉండెడివారు?

కళాశాల పాలకవర్గము వారికి మా విన్నపము కూడ ఇదే. వార్షికోత్సవమున గెలిచినవారి మెడలో వేయు పతకములకు మేము కృతజ్ఞులము. దానితో పాటు గెలువని వారి కొరకు, ఇంకను తమ బలమేమిటో తమకే తెలియని వారి కొరకు, ఉదయ సాయంసమయములలో ఒక వాకిలి తెరచి ఉంచవలెనని కోరుచున్నాము. గాయపడి ఆటకు దూరమైన విద్యార్థిని మరచిపోక, అతని అనుభవమును చిన్నవారికి నేర్పుటకు వినియోగింపవలెనని కోరుచున్నాము. బలంగీరులో నిశ్శబ్దముగా గడచిన ఆ చివరి ఏండ్లకు మన తరము చెల్లింపగల ఋణము ఇంతకన్న వేరొకటి లేదు.

మరల ఎప్పుడైన సాగరతీరమున నడచునప్పుడు ఆ విగ్రహము ముందు ఒక్క నిమిషము ఆగుడు. నిండుగా ఊపిరి పీల్చి, కొంతసేపు నిలిపి, నెమ్మదిగా విడువుడు. ఆయన విద్యలో మొదటి పాఠము అదే.